మా ఆవిడ అప్పగింతలు

ఆ వేసవిలో మా ఆవిడ నన్ను వదిలేస్తోందన్న సంగతి బంధువులందరికీ తెలిసింది, నాకూ మా ఆవిడకీ తప్ప.

తప్పు ప్రెషర్ కుక్కరుది. ఒక ఆదివారం ఉదయం మా ఆవిడ వంటింట్లో నిలబడి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. మా అత్తగారికి చెవులు కాస్త మందం, గొంతు బాగా పదును. మా ఆవిడ అన్నది ఇదీ: "ఇన్నేళ్ళు భరించానమ్మా. ఇక ఒంట్లో ఓపిక లేదు. రాజీనామా ఇచ్చేసి వదిలించుకుంటాను." సరిగ్గా 'రాజీ' దాటగానే కుక్కరు కూత పెట్టింది. 'నామా' ఆవిరైపోయింది. అత్తగారి చెవికి చేరినవి భరించడం, ఓపిక లేకపోవడం, రాజీ, వదిలించుకోవడం. ఆ నాలుగు ముక్కలూ కలిపి ఆవిడ నా సంసారాన్ని నాలుగు ముక్కలు చేశారు.

"తొందరపడకే. పిల్ల మొహమైనా చూడు," అన్నారట.

"పిల్లే పోరుతోందమ్మా, వదిలెయ్యి వదిలెయ్యి అని."

"మరి ఆయనేమంటాడు?"

"ఆయనకేం, సంతోషమేనట. నెలాఖరుకి తేలుస్తాను."

ఈ సంగతంతా నాకు వేసవి చివర్లోగానీ తెలియలేదు. అప్పటికి నా ధ్యాస వేరే ప్రెషరు మీద ఉంది. కుక్కరుకైతే కూత ఉంది, లోపలి పోటు బయటికి పోతుంది. సముద్రానికి పోటు ఉంటే ఆటు కూడా ఉంది. మా ఆవిడది రక్తపోటు. దానికి ఆటూ లేదు, ఆవిడకి ఆటవిడుపూ లేదు.

నేను డ్రైవింగు స్కూలు మాస్టర్ని. గేరు మార్చమంటే గీర చూపించేవాళ్ళ పక్కన కూర్చుని అరవడం నా వృత్తి. అందుకే నా గొంతు ఇంట్లో కూడా మూడో గేర్లోనే ఉంటుంది. నా కారుకి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలికింద, ఒకటి పక్కసీట్లో నా కాలికింద. మా ఆవిడకి మాత్రం బ్రేకు బిగించడం నా వల్ల కాలేదు. ఆవిడ పెద్దాసుపత్రి జనరల్ వార్డులో నర్సు. జబ్బు చేసినవాళ్ళు మంచం పడతారు, తగ్గాక లేస్తారు. మా ఆవిడ మాత్రం పెళ్ళికి ముందు పట్టుకున్న మంచాన్ని ఇంతవరకూ వదల్లేదు. ఊరందరికీ సెలైను పెడుతుంది, తనకోసం ఒక్క సెలవు పెట్టదు.

వాళ్ళ వార్డులో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మారేటప్పుడు దిగే నర్సూ ఎక్కే నర్సూ కలిసి ఒక్కో మంచం దగ్గరా ఆగుతారు. దిగే నర్సు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాలి: మనిషెవరు, వయసెంత, జబ్బేమిటి, ఏ మందిచ్చాం, దేన్ని కనిపెట్టుకుని ఉండాలి. విన్న నర్సు "తీసుకున్నాను" అనాలి. ఆ మాట పడ్డాక ఆ మనిషి మీద దిగేవాళ్ళకి హక్కు లేదు. మరో సలహా చెప్పకూడదు, మళ్ళీ వచ్చి తొంగి చూడకూడదు. ఇంటికి పోవాలంతే.

పెళ్ళైన కొత్తలోనే మా ఆవిడ ఈ పద్ధతిని ఇంట్లోకి తెచ్చింది. డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి ఇల్లు నాకు అప్పగించేది. ఆ వేసవిలోనూ అంతే.

"పాలు. ఇప్పుడే కాచాను, మూత సగం తీసి ఉంది, చల్లారాక లోపల పెట్టాలి. వెనక పంపు. కారుతోంది, బకెట్టు పెట్టాను, నిండితే మొక్కలకి. అమ్మాయి. ఇరవయ్యేళ్ళు, నిన్న సాయంత్రం నుంచి అలక. కారణం తెలియదు. మీ జోకులు మాత్రం వెయ్యకండి, ఒంటికి పడవు."

"పాలూ నావే, పాట్లూ నావే. అలక మాత్రం అద్దెకి తీసుకున్నాను."

"అప్పగింతలప్పుడు పరాచికాలొద్దు. ఒక్క మాట చెప్పండి."

"తీసుకున్నానులే తల్లీ."

ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాటనీ తోక తగిలించకుండా నేను అన్న పాపాన పోలేదు.

ఆ వేసవికి ముందు వార్డులో ఒకరి తర్వాత ఒకరుగా నర్సులు మానేశారు. వాళ్ళు మానేశారుగానీ వాళ్ళ మంచాలు మానలేదు. అవన్నీ మా ఆవిడ వాటాకి వచ్చాయి. డ్యూటీలో మంచినీళ్ళు తాగడం మానేసింది. తాగితే బాత్రూంకి వెళ్ళాలి, వెళ్తే ఆ కాసేపు వార్డు చూసే దిక్కు లేదు. ఇంటికొచ్చేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు అచ్చు వేసినట్టు కనబడేవి. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి గిన్నెలు జారవిడిచేది. తిమ్మిని బమ్మిని చేసేవాళ్ళని చూశానుగానీ, తిమ్మిరిని 'ఏం లేదు' అని చేసే మనిషిని ఈవిణ్ణే చూశాను. మా ఇంటి కాలింగు బెల్లు మోగితే వీధి తలుపు దగ్గరికి కాక మా అమ్మాయి మంచం దగ్గరికి పరిగెత్తేది. పడుకున్న పిల్ల నాడి పట్టుకుని నిలబడి, అప్పుడు గుర్తొచ్చేది, ఇది ఇల్లని.

వాళ్ళ డాక్టరే చెప్పాడు, "ఇలాగే ఉంటే సిస్టర్, మీరు మంచం పక్కనుంచి మంచం మీదకి మారతారు," అని. నర్సింగు స్కూలువాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నారు. అక్కడ మంచం మీద ఉండేది రబ్బరు బొమ్మ.

"సుఖమే కదా, సూది గుచ్చితే అరవదు, బెల్లు కొట్టదు," అన్నాను.

"దానికి జ్వరం వస్తే ఎలా తెలుస్తుంది?" అంది మా ఆవిడ నిజంగానే ఆలోచిస్తూ.

"మరి మానెయ్యడం మాత్రం ఎప్పుడు?"

"కిటికీ పక్క తాత ఇంటికెళ్ళాక చెప్పేస్తాను. ఆయన్ని మధ్యలో వదలలేను."

కిటికీ పక్క తాత అంటే ఒక ముసలి దర్జీ. కడుపులో ఆపరేషను అయింది. మా ఆవిడ పెడితేగానీ తినడు. సరే, తాత లేచేదాకానే కదా అని నేనూ మా అమ్మాయీ తాత ఆరోగ్యం కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాం.

ఈ మధ్యలో మా బావమరిది దిగాడు. వాడిది ఫొటోల షాపు. ఎవరిలోనైనా ముందు నెగటివే చూస్తాడు. "ఊరికే వచ్చాను బావా, అలా తిరిగొద్దాం పద," అన్నాడు. కారు నేను తోలుతున్నాను, వాడు పక్కన నా మామూలు సీట్లో కూర్చున్నాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. అక్క విషయంలో... అదే... చెయ్యి... ఎత్తడం లాంటిది ఏమైనా..."

వాడికి తిమ్మిరి సంగతి తెలిసిపోయిందనుకున్నాను. "దాచడమెందుకురా, రోజూ ఎత్తుతున్నాను. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు."

వాడు నా వైపు తిరిగాడు. "రోజూనా?"

"డాక్టరు చెప్పాడు. అలా చేస్తేగానీ తిమ్మిరి దిగదట."

"అక్కకి తిమ్మిరా?"

"మామూలు తిమ్మిరి కాదు. మొదట్లో అరిచేది పాపం. ఇప్పుడు అలవాటైపోయింది, టీవీ చూస్తూ ఊరుకుంటుంది."

"మరి అమ్మాయి చూస్తూ ఊరుకుంటోందా?"

"ఊరుకోవడమేమిటి, నాకు తీరిక లేనప్పుడు అదే ఎత్తుతుంది. నాకంటే గట్టిగా."

ఆ సీటు కింద రెండో బ్రేకు ఉందని వాడికి తెలియదు. కాళ్ళు బిగబట్టి దాన్ని తొక్కేశాడు. కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకవాళ్ళు తిట్లు లంకించుకున్నారు. మా బావమరిది తలుపు తీసుకుని దిగి, "నేను నడిచిపోతాను బావా," అని, నిజంగానే నడిచిపోయాడు. వీడికి కారు పడదు కాబోలు అనుకున్నాను.

తర్వాతి వారం తాత ఇంటికెళ్ళాడు. ఆ మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి కుర్చీలో కూలబడింది. యూనిఫారం జేబు ఎన్నాళ్ళనుంచో ఊడి వేలాడుతోంది. ఆ రోజు చూస్తే చక్కగా కుట్టి ఉంది.

"తాత కుట్టాడా?"

"వెళ్ళే ముందు సూదీ దారం తెప్పించుకున్నాడు. ఇప్పటిదాకా నువ్వు నన్ను కుట్టించావు, ఇది నా వంతు అన్నాడు."

"మాటల్లో నా జాతివాడే. మరి మీ వార్డు పెద్ద సిస్టరుకి చెప్పావా?"

మా ఆవిడ జేబు మీద కుట్టు తడుముకుంది. "చెబుదామనే వెళ్ళాను. దుప్పటి మార్చేలోపే ఆ మంచం మీదకి ఇంకొకాయన వచ్చాడండీ. పడవ నడిపే మనిషి. తొడ ఎముక విరిగింది."

"అయితే?"

"ఆయన కాలు అతకనీండి."

"కాలు అతకడమంటే కాలం అతకడమే. అది అయ్యేసరికి ఇంకొకరి చెయ్యి. చూడు, బస్సులో జనం ఎక్కుతూనే ఉంటారు. కండక్టరు ఇంటికెళ్ళాలంటే బస్సు ఖాళీ అవ్వాలా?"

"బస్సు దిగినవాళ్ళందరూ ఇంటికే వెళ్తారండీ. మంచం దిగినవాళ్ళందరూ వెళ్ళరు," అంది మా ఆవిడ.

మళ్ళీ తనే అందుకుంది. "అయినా మొదలుపెట్టాను. ఒంట్లో బాగుండట్లేదు మేడం అన్నాను. పెద్ద సిస్టరు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నువ్వూ పోతే నేనెవర్ని నిలబెట్టను అంది."

"ఏ చెయ్యి పట్టుకుంది?"

"ఎడమ చెయ్యి." మా ఆవిడ ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని చూసుకుంది. "పట్టుకున్నట్టు తెలియలేదు. చూశాక తెలిసింది."

ఆ రోజు నేనూ మా అమ్మాయీ చెరో పక్కా కూర్చుని ఆ చేతిని ఎత్తాం, దించాం. మా ఆవిడ టీవీ చూడలేదు.

మరి కొన్నాళ్ళకి రాత్రి డ్యూటీలు పడ్డాయి. ఒక ఉదయం నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను, మా అమ్మాయి తల దువ్వుకుంటోంది. మా ఆవిడ వచ్చి గుమ్మం బయటే ఆగింది. ఉదయాల పూట ఇల్లు తిరిగి ఆవిడకి అప్పగించడం నా పని. నేను అందుకున్నాను.

"పాలు, కాచాను, పొంగాయి, పొయ్యి కడిగాను. పంపు, నిన్నటికంటే నిలకడగా కారుతోంది..."

"ఆగండి. ముందు నాది."

తలుపు చట్రానికి ఆనుకుని నిలబడింది. గొంతులో ఏ తేడా లేదు. వార్డులో ఇలాగే చెబుతుంది కాబోలు, తొందరా లేదు, సాగదీతా లేదు.

"ఆడమనిషి. నలభై ఎనిమిదేళ్ళు. చాలాకాలంగా రక్తపోటు. తెల్లవారుజామున బాగా ఎక్కింది, కళ్ళు తిరిగి మందుల ట్రాలీ పట్టుకుని నిలబడింది. పడలేదు. చేతిలో ఉన్న సూది ఎవరికని తీశానో కొంచెంసేపు గుర్తురాలేదు. ఎవరికీ ఇవ్వలేదు, పారేశాను. ఎడమ చేతికి స్పర్శ తక్కువ. మాత్రలు రాసిచ్చారు, వేసుకోదు. నీళ్ళు తాగదు. బాగానే ఉన్నానని చెబుతుంది, నమ్మొద్దు. మాట వినే రకం కాదు, దగ్గరుండి కనిపెట్టుకోవాలి." ఆగింది. "తీసుకోండి."

మా అమ్మాయి దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. నేను గుండీలు వదిలేసి గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"తీసుకున్నాను," అన్నాను.

మా ఆవిడ తలూపింది. భుజాన సంచీ తీసి నా చేతికిచ్చి లోపలికొచ్చింది. మా అమ్మాయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నిలబడే గ్లాసంతా తాగేసి, ఇంకో గ్లాసు అడిగింది.

పద్ధతి పద్ధతే. తీసుకున్నాక మనిషి నా బాధ్యత. ఆ రోజు నేర్చుకునేవాళ్ళని రావద్దని చెప్పి, ఆవిణ్ణి కార్లో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికీ, అట్నుంచి పెద్ద సిస్టరు గదికీ తీసుకెళ్ళాను. మా ఆవిడ నిలబడి తనే చెప్పింది, రాజీనామా చేస్తున్నానని. పెద్ద సిస్టరు మంచి మనిషే. అలిసిపోయిన కళ్ళతో చూసి, "ఎండాకాలం గడవనీ తల్లీ, వానలు పడ్డాక చూద్దాం," అంది.

మా ఆవిడకి 'చూద్దాం' అంటే చాలు, చూస్తూ ఉండిపోతుంది. కానీ మా ఆవిడ నా వైపు వేలు చూపించింది.

"నన్నడిగి లాభం లేదు మేడం. పేషెంటుని ఈయన తీసుకున్నారు."

పెద్ద సిస్టరు జీవితమంతా ఆ మాట మీదే వార్డు నడిపిన మనిషి. దాన్ని కాదనడం ఆవిడకి చేతకాలేదు. "ఎప్పటిదాకా పంపిస్తారు?" అంది నాతో, డాక్టర్ని అడిగినట్టు.

"ఈ నెలాఖరు దాటడానికి వీల్లేదండీ. పగటి డ్యూటీ మాత్రమే. మధ్యలో మంచినీళ్ళు పట్టించాలి."

"పట్టిస్తాను," అంది పెద్ద సిస్టరు.

నెలాఖరు రోజు సాయంత్రం కారు తీసుకుని వెళ్ళి వార్డు తలుపు దగ్గర నిలబడ్డాను. కొత్తగా వచ్చిన నర్సు ఒక మగాయన. సిస్టర్ల మధ్య అందరూ ఆయన్ని బ్రదరంటారు. మా ఆవిడ ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ అప్పజెబుతోంది. బ్రదరు తీసుకుంటున్నాడు. చివరికి కిటికీ పక్కకి వచ్చారు. కాలు పైకి కట్టించుకుని పడుకున్న పడవాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. మా ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పింది. తర్వాత దుప్పటి సర్దింది. తర్వాత నీళ్ళ సీసా కొంచెం దగ్గరికి జరిపింది.

"ఇంకా, ఈయనకి మధ్యాహ్నం పూట..."

"తీసుకున్నానక్కా," అన్నాడు బ్రదరు మెల్లగా.

మా ఆవిడ చెయ్యి దుప్పటి మీదే ఆగింది. పడవాయన అన్నాడు, "వెళ్ళిరా అమ్మా. ఒడ్డు చేరినవాళ్ళు పడవలో కూర్చోకూడదు."

ఆవిడ వెళ్ళి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తుడుచుకుని, వెనక్కి చూడకుండా వచ్చి కారెక్కింది. ఎక్కింది పక్కసీటే, రెండో బ్రేకున్న సీటు. కానీ కాళ్ళు ముడుచుకుని పైన పెట్టుకుంది.

మర్నాడు పొద్దెక్కాక ముందుగదిలో వాలుకుర్చీలో కూర్చుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, అలాగే నిద్రపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడది కోడి కునుకే చూశాను. ఒక చెవి ఎప్పుడూ బెల్లు కోసం తెరిచి ఉండేది. ఆ రోజు రెండు చెవులూ మూసుకున్నాయి. మా అమ్మాయి కాలింగు బెల్లు తీగ పీకేసింది. అందుకే బంధువులు ఎంతసేపు నొక్కినా మోగలేదు. తోసుకుని లోపలికి వచ్చేశారు. ముందు మా అత్తగారు, వెనక బావమరిది, వాళ్ళ వెనక పంచాయితీ చెయ్యగల మొహాలతో ఇంకొందరు.

మా అమ్మాయి నోటిమీద వేలు పెట్టుకుంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగారు.

"దాని సామాను సర్దండి, నాతో తీసుకుపోతాను. అప్పగించింది నేనే, తీసుకుపోయేదీ నేనే," అన్నారు అత్తగారు. తనదైన పద్ధతిలో అది గుసగుస.

"ఎక్కడికండీ?" అన్నాను, నేనూ గొంతు తగ్గించి. మొదటి గేర్లో మాట్లాడ్డం ఇంత కష్టమని నాకు తెలియదు.

బావమరిది నా చెవిలో, "అక్క నిన్ను వదిలేస్తోందట కదా. అమ్మతో ఫోన్లో చెప్పింది. రాజీ కూడా కుదర్లేదట," అన్నాడు.

నాకేమీ బోధపడలేదు. మా అమ్మాయికి ముందు వెలిగింది. అది ఆ ఫోనప్పుడు వంటింట్లోనే ఉంది, కుక్కరు దించింది అదే. మామయ్య చెవిలో చెప్పింది: వదిలేసింది నాన్నని కాదు, ఉద్యోగాన్ని. రాజీ కాదు, రాజీనామా. బావమరిది తల పట్టుకుని, "మరి చెయ్యెత్తడం?" అన్నాడు. మా అమ్మాయి తన ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూపించింది. వాడు గోడవైపు తిరిగి భుజాలు కదుపుతూ నవ్వాడు. చెవినుంచి చెవికి కబురు గదంతా తిరిగి అందరి నోళ్ళకీ చేతులు అడ్డం వచ్చాయి. మిగిలింది అత్తగారొక్కరే. ఆవిడకి చెప్పాలంటే అరవాలి. అరిస్తే నిద్ర చెడుతుంది.

నేను చేతులతో మంచం గీశాను. దాని మీద జబ్బు మనిషిని పడుకోబెట్టాను. 'ఇక లేదు' అని చేతులు దులిపాను.

"ఎవరు పోయారు?" అన్నారు అత్తగారు.

లాభం లేదని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కుర్చీ దగ్గరికి నడిపించాను. స్టూలు మీద ఉన్న పాదాలు చూపించాను. వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు, పట్టీల గుర్తులు అలాగే ఉన్నాయి. అత్తగారు వంగి ఆ గుర్తుల్ని వేలితో నిమిరారు. గోడకి తగిలించిన యూనిఫారం చూశారు. దాన్ని మా అమ్మాయి తీసి మడిచి బీరువాలో పెట్టి తలుపు మూసింది.

"ఉద్యోగాన్నా వదిలేసింది?" అన్నారు అత్తగారు. ఈసారి నిజంగా గుసగుసే.

తలూపాను.

"మిమ్మల్ని కాదూ?"

కాదన్నాను.

"మరి ఆ రాజీ ఏమిటి?"

ఇంతసేపూ ఆపుకున్నాను. ఇక నా వల్ల కాలేదు. "రాజీనామా అండీ. అందులో రాజీ మీరు ఉంచుకుని, నామాలు నాకు పెట్టారు," అన్నాను. నోరు జారింది, గొంతు కూడా జారింది. మూడో గేరు. గోడలు మోగాయి.

కుర్చీలో మా ఆవిడ కదిలింది. కళ్ళు తెరవలేదు. ఎడమ చెయ్యి మాత్రం గాలిలోకి లేచింది, ఎవరిదో నాడి కోసం.

"ఏ బెడ్డు?" అంది.

నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. "నీదే," అన్నాను.

"ఎవరు తీసుకున్నారు?"

ఆ మాట మా అత్తగారి చెవికి ఎలా వినపడిందో తెలియదు. నా వీపు మీద అరచెయ్యి పెట్టి ముందుకి తోశారు. "చెప్పండి అల్లుడుగారూ, పిల్ల అడుగుతోంది."

"నేనే. తీసుకున్నాను," అన్నాను, మొదటి గేర్లో.

మా ఆవిడ వేళ్ళు నా చేతిని నొక్కాయి. ఎడమ చేతి వేళ్ళు. తర్వాత అవి మెల్లగా వదులయ్యాయి, మళ్ళీ నిద్రలోకి వెళ్ళిపోయింది. అత్తగారు చెప్పులు విడిచి, స్టూలు పక్కన నేలమీద చతికిలబడ్డారు.